ఇనుపకోటలో కాలిబంతి

“కోటలోకి మీరు నలుగురు వెళతారు. మీవాళ్ళు మాత్రం ముగ్గురే.”

అడవి చివర మద్దిచెట్టు మీంచి ఒక గోరింక మనిషి గొంతుతో ఈ మాట చెప్పి ఎగిరిపోయినప్పటి నుంచి ఇంద్రనీలుడికి అన్నం సయించడం లేదు. విన్నవాడు అతనొక్కడే. జట్టులో ఎవరికైనా చెబుదామంటే, వాళ్ళే ఆ పరాయివాళ్ళయితే ఏం గతి? అందుకని మాటను గుండెలోనే దాచుకుని, ముగ్గురి వెనకా నడుస్తూ, ముగ్గురి వీపులూ చూస్తూ ఇనుపకోట చేరాడు.

ఇంద్రనీలుడు కదంబపురం యువరాజు. ఆ సంగతి జట్టులో ఎవరికీ తెలియదు. వాళ్ళకు అతను తోళ్ళు కుట్టే బసవడు. ఊరూరా కాలిబంతి ఆడి పొట్టపోసుకునే కొండమ్మ జట్టులో ఒక ఆటగాడు జ్వరపడితే ఆ స్థానంలో చేరాడు. అతని చెల్లెలు మధులతను మాంత్రికుడు ఉలూకాక్షుడు ఎత్తుకుపోయి ఈ కోట చెరలో పెట్టాడు. పున్నమి చంద్రుడు పైకి వచ్చేలోగా విడిపించకపోతే ఆమెను బలి ఇస్తాడు. ఇవాళే పున్నమి.

సైన్యాలకు లొంగే కోట కాదది. ఉన్న దారి ఒక్కటే. ఉలూకాక్షుడి గురువు శిష్యుడి బుద్ధి తెలిసినవాడు కనక, శక్తులు ధారపోస్తూనే వాటికి ఒక నియమం కూడా తగిలించిపోయాడు. నలుగురు వచ్చి ఆట అడిగితే కోటలోని కందుకరంగం తెరవాలి. ఎదురుగా శిలాభటులు నిలుస్తారు. ఆ నలుగురిలో ఒకరు చేత్తో తాకకుండా బంతిని కాలితో నడిపించుకుంటూ దక్షిణద్వారం దాటితే, లోపలి అఖండదీపం ముందు ఒక పేరు చెప్పవచ్చు. ఆ పేరుగల మనిషి చెరలో ఉన్నా, రాయై ఉన్నా విడుదలవుతాడు. ఒక్క పేరే. ఆట గీత లోపల మంత్రం పలికే హక్కు ఉలూకాక్షుడికి కూడా లేదు. పలికితే ఆ మంత్రం తిరిగి అతన్నే పట్టుకుంటుంది.

ఇంత తేటగా దారి ఉన్నా ఏ జట్టూ గెలవలేదు. ఎందుకో చెప్పడానికి వెనక్కి వచ్చినవాళ్ళూ లేరు.

ఆ కోట అందం కూడా భయపెట్టే అందమే. నల్లకొండను నిలువునా కోసి నిలబెట్టినట్టు ప్రాకారాలు, వాటికి ఇనుపరేకుల తాపడం. ఎండ పడ్డ మేర నెమలికంఠంలా మెరుస్తుంది, నీడ పడ్డ మేర చల్లారిన పెనంలా ఉంటుంది. బురుజు బురుజుకీ ఒక గుడ్లగూబ, దాని కళ్ళలో పుష్యరాగాలు. మనిషి ఎటు నడిస్తే ఆ పసుపు చూపులు అటు తిరిగినట్టుంటాయి. తోటలో విరగబూసిన సంపెంగలున్నాయి, వాసన మాత్రం లేదు.

మధ్యాహ్నం విడిదిలో నలుగురికీ విస్తళ్ళు వేశారు.

“తిను తమ్ముడూ. రాయి కాబోయేవాడికైనా కడుపు నిండాలి కదా,” అంటూ భైరి తన విస్తట్లోంచి గారె తీసి ఇంద్రనీలుడి విస్తట్లో వేశాడు. భైరి బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటాడు. దారిలో నది దాటుతుంటే పడవ తిరగబడింది. అందరూ ఈది ఒడ్డెక్కాక, ఇక లేడనుకున్న భైరి చాలాసేపటికి తేలాడు. తేలుతూనే నవ్వాడు. అప్పటి నుంచి ఇంద్రనీలుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

“వాడి కడుపు సంగతి నీకెందుకురా? నీ కాళ్ళ సంగతి చూసుకో,” అంది కొండమ్మ. జట్టుకు పెద్ద ఆమె. నలభై దాటినా బారెడు జడ, ఎవరినీ వదలని నోరు. “పొద్దున సాధనలో కూడా బంతి ఇచ్చి గుంజలా నిలబడ్డావు. నీకు మజ్జిగ లేదు.”

ఆ జట్టులో అదొక కట్టుబాటు. బంతి ఇచ్చినవాడు ఇచ్చిన చోట ఉండకూడదు, వెంటనే ఇంకోచోటికి కదలాలి. నిలబడిపోయినవాడికి ఆ పూట మజ్జిగ ఉండదు. మజ్జిగ కుండ కొండమ్మ ఒళ్ళోనే ఉంటుంది.

“నదిలో చీలమండ బెణికిందక్కా. పరుగెత్తలేకపోతున్నా,” అన్నాడు భైరి. వట్టి అన్నం ముద్దలు చేసుకుని మారుమాట లేకుండా తినేశాడు.

అంతలో ముత్యాలు లోపలికి వచ్చి మూలన కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండే మనిషి. ఎడమచేతికి ఆరు వేళ్ళు. ఆ చేతిని ఎప్పుడూ ఉత్తరీయం కింద దాచుకుంటాడు.

“ఎక్కడికి పోయావు?” అంది కొండమ్మ.

“కాళ్ళు కడుక్కోడానికి.”

ఇంద్రనీలుడు అతని పాదాలు చూశాడు. మడమల దాకా తెల్లటి సున్నపు దుమ్ము ఉంది. ఆ దుమ్ము కోటలో ఒక్క కందుకరంగంలోనే ఉంది. తెల్లవారుతూనే గవాక్షంలోంచి తను చూసిన దృశ్యం గుర్తొచ్చింది. ముత్యాలు ఒంటరిగా రంగంలోకి వెళ్ళి, ఒక శిలాభటుడి పాదం మీద చెయ్యి వేసి, చాలాసేపు ఏదో మాట్లాడాడు. రాళ్ళతో మాట్లాడేవాడు ఎవరు? వాటిని చెక్కి నిలబెట్టినవాడు కాక.

భైరి చెవి దగ్గరకు వంగాడు. “చూశావుగా తమ్ముడూ. నాలుగూళ్ళ నుంచి గమనిస్తున్నా. ఆటలో కూడా వాడెప్పుడూ బంతికి దూరంగానే పారిపోతాడు. నువ్వు మాత్రం నా పక్కనే ఉండు.”

ఇంద్రనీలుడు తల ఊపాడు. గోరింక చెప్పిన మనిషెవరో అతనికి తెలిసిపోయింది.

తిన్నాక నీళ్ళ గాబు దగ్గర కొండమ్మ అతన్ని ఆపింది. “ఒక మాట అడుగుతా, అబద్ధం చెప్పకు. నువ్వు తోళ్ళు కుట్టేవాడివి కావు కదూ?”

“ఎందుకలా అడుగుతున్నావు?”

“మొదటిరోజు అన్నం తిని లేచి చేతులు చాపి నిలబడ్డావు, ఎవరో చెంబుతో నీళ్ళు పోస్తారన్నట్టు. ఇందాకా అదే పని చేశావు. నేను పోశాను, నువ్వు కడుక్కున్నావు. నీకు అదేమీ వింతగా అనిపించలేదు.” ఆమె చెంబు బోర్లించింది. “అనుమానించాలంటే ముందు నిన్నే అనుమానించాలి బసవా. కానీ నువ్వు బంతి ఇచ్చాక నిలబడవు. అందుకని ఊరుకున్నా.”

అతను జవాబు చెప్పేలోగా కొమ్ములు ఊదారు.

పొద్దు పడమటికి వాలుతోంది. కందుకరంగం అంతా సున్నం చల్లి పాలతెరలా పరిచారు. చుట్టూ కుంకుమగీత. ఉత్తరాన గద్దె మీద, గొడుగు కింద, నల్లపట్టు కప్పుకుని ఉలూకాక్షుడు కూర్చున్నాడు. దక్షిణాన మకరతోరణం చెక్కిన ద్వారం. దాని ముందు గద పట్టుకున్న ద్వారపాలకుడు, తాటిచెట్టంత విగ్రహం. వాడి చూపు బంతి మీద తప్ప ఇంకెక్కడా ఆనదు. రంగంలో మరో నలుగురు శిలాభటులు. శంఖం మోగగానే ఒక్కొక్క భటుడు ఒక్కొక్క ఆటగాణ్ణి ఎంచుకుని నీడలా పట్టుకుంటాడు. ఆటగాడు ఎటు పోతే అటు పోతాడు. బంతి కాలి దగ్గర ఉండగా భటుడి చెయ్యి తగిలిందా, ఆ ఆటగాడు రాయి.

శంఖం మోగింది. రాళ్ళు కీచుమంటూ కదిలాయి.

కొండమ్మ బంతిని ఇంద్రనీలుడికి తోసింది. అతను ఒక్క అంగ వేశాడో లేదో ముత్యాలు వెనక్కి తిరిగి పడమటి మూలకు పరుగు తీశాడు. సాయం కావలసిన సమయానికి వీపు చూపించాడు. ఇంద్రనీలుడు పళ్ళు నూరాడు. వెనకనుంచి భటుడి అడుగులు నేలను అదరగొడుతున్నాయి.

“ఇటు తమ్ముడూ, నేనున్నా,” అంటూ భైరి కుంటుతూ దగ్గరకు వచ్చాడు. అతని భటుడూ వచ్చాడు. ఇప్పుడు ఇంద్రనీలుడికి ముందొక రాయి, వెనకొక రాయి. నడుమ చాపంత నేల. రెండు రాతిచేతుల కిందుగా వంగి బంతిని కొండమ్మ వైపు తన్ని దొర్లాడు. ఆమె అందుకుందో లేదో భైరి ఆమె దగ్గరకూ వెళ్ళాడు, “అక్కా, నాకివ్వు” అంటూ. అతని వెంట అతని భటుడు. కొండమ్మ బంతిని వదిలేసి పక్కకు గెంతింది. రాతివేళ్ళు ఆమె జడకుచ్చును రాసుకుపోయాయి. బంతి అప్పుడే ఆమె పాదం దాటింది కనక మనిషి మిగిలింది. కుచ్చు మాత్రం నల్లరాయై వీపు మీద టంగుమని తగిలింది.

“విడిపోండిరా,” అని అరిచింది. “ఉప్మా ఉండకట్టినట్టు ఒకచోట చేరితే ఎవరు ఎటు కదులుతారు?”

బంతి దొర్లి మళ్ళీ ఇంద్రనీలుడి దగ్గరకే వచ్చింది. పక్కకు తప్పుకుంటూ అతను గద్దె వైపు చూశాడు. ఉలూకాక్షుడి మొహం మీద ఒక ఈగ వాలింది. పెదవి మీద నడిచింది. ముక్కు మీంచి పాకి తెరిచి ఉన్న కంట్లోకి దిగింది. ఆ కన్ను ఆర్పలేదు.

గద్దె మీద ఉన్నది బొమ్మ. మరి అసలువాడు ఎక్కడ?

ముత్యాలు మళ్ళీ పరుగెత్తుతున్నాడు, ఈసారి ద్వారం ముందునుంచి దూరంగా, అంచు గీత వైపు. ఇంద్రనీలుడి చూపు అతని వెంటే వెళ్ళింది. ముత్యాలు వెనక అతని భటుడు దబదబ పోతున్నాడు. వాళ్ళిద్దరూ ఖాళీ చేసిన మేర, నడిరంగం నుంచి ద్వారం దాకా, అడుగుజాడ లేని తెల్లటి నేల తివాచీలా పరుచుకుని ఉంది.

వాడు పారిపోవడం లేదు. కాపలాను తన వెంట లాక్కుపోతున్నాడు. ప్రతిసారీ అదే చేశాడు. బంతి వెంట కళ్ళు పెట్టుకున్న తనకు అది ఒక్కసారీ కనబడలేదు.

“ఇదుగో తమ్ముడూ, నేనొచ్చా,” అన్నాడు భైరి చెవి పక్కన. సాయానికి వచ్చే భైరి ఎప్పుడూ ఒక్కడే రాలేదు. వచ్చిన ప్రతిసారీ చావును వెంటబెట్టుకుని వచ్చి, ఉన్న కాస్త దారినీ మూసేశాడు. కొండమ్మ జట్టులో పుట్టిపెరిగినవాడు బంతి ఇచ్చి నిలబడతాడా? మజ్జిగ లేదంటే తలొంచుకుని తింటాడా?

“అన్నా, నువ్వు తూర్పుకు పో. అక్కడ ఎవరూ లేరు,” అన్నాడు ఇంద్రనీలుడు, ఏమీ ఎరగనట్టు.

“నిన్నొదిలి ఎలా పోను? నీ పక్కనే ఉంటా.”

ఇంద్రనీలుడు బంతితో తూర్పుకు దూసుకుపోయాడు. గుర్రంలా పరుగెత్తాడు. తల తిప్పి చూస్తే భైరి పక్కనే ఉన్నాడు. బెణికిన చీలమండ ఎక్కడికి పోయిందో, కుంటు లేదు, రొప్పు లేదు. ఇద్దరి భటులూ వెంటబడ్డారు. నడిరంగం మొత్తం బోసిపోయింది.

ఇంద్రనీలుడు ఎవరి వైపూ చూడకుండా, ఎవరూ లేని ఆ నడిరంగంలోకి బంతిని తన్నాడు.

బంతి ఒంటరిగా దొర్లుతోంది. కొండమ్మకు చెప్పనక్కర్లేకపోయింది. బంతి కదలకముందే ఆమె కదిలింది. ఆమె భటుడు రెండంగలు వెనకబడ్డాడు.

భైరి మొహంలో నవ్వు చెరిగింది. “స్తంభయ,” అని కేక వేశాడు. ఆ గొంతు భైరిది కాదు.

బంతి ఆగలేదు. మంత్రం వెనక్కి మళ్ళింది. భైరి బుగ్గలు కరిగి, కోలమొహం బయటపడింది. కళ్ళు గుండ్రంగా, పచ్చగా తిరిగాయి. కుడిచేతి గోళ్ళు నల్లబడ్డాయి, ఆ నలుపు మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, భుజం దాకా ఎక్కి రాయై బిగిసింది. అదే క్షణాన గద్దె మీది రూపం కుప్పకూలి నల్లపట్టు కింద గడ్డిమోపుగా మిగిలింది.

కొండమ్మ బంతిని ద్వారం వైపు ముందుకు తోసి, వాడి పక్కనుంచి పోతూ జడను గిర్రున తిప్పింది. రాతికుచ్చు ఉలూకాక్షుడి నుదుటికి తగిలింది. “మా భైరి ఏడిరా?”

“నదిని అడుగు,” అన్నాడు వాడు నెత్తురు తుడుచుకుంటూ.

బంతి ఇంద్రనీలుడి ముందు దొర్లింది. అందుకున్నాడు. ఎదురుగా ద్వారం. బంతి దగ్గరపడగానే ద్వారపాలకుడు గద ఎత్తి ముందుకు వచ్చాడు. వెనక తన భటుడు. పడమటి గీత దగ్గర ముత్యాలు పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఉన్నచోటే గిరుక్కున వెనుదిరిగాడు. అతని భటుడు రాతికాళ్ళు మడతపడక, ముందుకే పోయి గోడకు గుద్దుకున్నాడు. గోడకు ఆనుకున్న ఆ రాతిచేతిని ఇంద్రనీలుడు చూశాడు. దానికి ఆరు వేళ్ళున్నాయి.

అదే పొడుగు, అదే ఎండుకట్టె దేహం. తెల్లవారుతూనే ముత్యాలు పట్టుకున్న పాదం, ఇదివరకు ఇక్కడ ఆడి రాయైపోయిన అతని సొంత అన్నది. ముత్యాలుకూ ఒక పేరుంది, దీపం ముందు చెప్పుకోడానికి.

గద పైకి లేచింది. బంతి తన దగ్గరే ఉంచుకుంటే రాయి కావడం ఖాయం. ఇచ్చేస్తే లోపలికి వెళ్ళేది ముత్యాలు, పేరు చెప్పేది ముత్యాలు. తూర్పు ప్రాకారం మీద ఆకాశం అప్పుడే వెన్నెల రంగు తిరుగుతోంది.

“మధులత,” అన్నాడు ఇంద్రనీలుడు. “ఆ పేరు మధులత. నా చెల్లెలు.”

ముత్యాలు అప్పటికే గడప వైపు పరుగెత్తుతున్నాడు. ఇంద్రనీలుడు బంతిని ద్వారపాలకుడి కాళ్ళ పక్కనుంచి ఖాళీ గడప ముందుకు తన్నేశాడు. ఇచ్చి నిలబడలేదు. తన భటుణ్ణి వెంటేసుకుని గడపకు ఎంత దూరంగా పోగలడో అంత దూరం పరుగెత్తాడు. వెనక గద నేలకు దిగిన చప్పుడు విన్నాడు. ద్వారం తెరుచుకుని మూసుకున్న చప్పుడు విన్నాడు.

కదులుతున్న రాళ్ళన్నీ కదిలినచోటే ఆగిపోయాయి.

ఇంద్రనీలుడు రొప్పుతూ నిలబడి, ద్వారానికి బదులు గోడ దగ్గరి విగ్రహం వైపు చూస్తున్నాడు. ఆ ఆరో వేలి వైపు. అది కదిలితే తన చెల్లెలు లేనట్టే.

“అటేం చూస్తున్నావు, తలుపు ఇటుంటే?” అంది కొండమ్మ.

“ఆ రాయి ముత్యాలుకు అన్న.”

ఆమె కూడా చూసింది. “మరి వాడికెందుకు ఇచ్చావు?”

“ఖాళీగా ఉన్నది వాడే.”

వేలు కదలలేదు. కదిలిందనిపించింది, కాదు, దాని మీద తొండ పాకింది. ప్రాకారం అంచు వెలుగుతోంది. ఉలూకాక్షుడు రాతిచెయ్యి ఈడ్చుకుంటూ, నేల మీద పాకుతూ, కుంకుమగీత వైపు జరుగుతున్నాడు. గీత దాటితే వాడి నోరు మళ్ళీ మంత్రం పలుకుతుంది.

ద్వారం తెరుచుకుంది.

ముందు బంతి వచ్చింది. ఎవరి దగ్గరికీ రాలేదు. ఉలూకాక్షుడికి దూరంగా, కోట వాకిలికి దగ్గరగా, ఎవరూ లేని చోటికి దొర్లింది. ఇంద్రనీలుడు ఏమీ ఆలోచించకుండా అక్కడికి పరుగెత్తాడు. అతనితోపాటే గడప లోంచి అందెల చప్పుడు అక్కడికి పరుగెత్తుకొచ్చింది.

“అన్నయ్యా,” అంది మధులత. తెగిన సంకెల ఇంకా మణికట్టుకు వేలాడుతోంది.

వెనకగా వచ్చిన ముత్యాలు వాళ్ళ వైపు చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, విగ్రహం పాదాల మీది సున్నం ఉత్తరీయంతో తుడుస్తున్నాడు. ఆరువేళ్ళ చేతిని ఇప్పుడు దాచుకోలేదు.

ఇంద్రనీలుడు అతని పక్కకు వెళ్ళాడు. “ఎందుకు ముత్యాలూ?”

“బంతి ఇచ్చి నిలబడ్డావేమోనని చూశా. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు నువ్వు.” ముత్యాలు పాదాన్ని మరోసారి తుడిచాడు. “చివరిదాకా అన్న పేరే నోటిదాకా వచ్చింది.”

కోట వాకిలి పైన గొలుసులు కిర్రుమన్నాయి. ఇనుపతలుపు దిగుతోంది. ఉలూకాక్షుడి ఎడమచెయ్యి కుంకుమగీతకు జానెడు దూరంలో ఉంది.

ఇంద్రనీలుడు వంగి విగ్రహం మోకాళ్ళ కింద చేతులు వేశాడు. “కాళ్ళవైపు నేను పడతా. నువ్వు తల పట్టు.”

“బరువుగా ఉంటాడు.”

“ఉండనీ.”

మధులత సంకెల చేతికి చుట్టుకుని ఒక భుజం పట్టింది. కొండమ్మ రాతికుచ్చు జడను మెడకు చుట్టి రెండో భుజం కిందికి దూరింది. విగ్రహం నేలనుంచి లేచింది.

“ఈ ఒక్కసారికీ,” అంది ఆమె రొప్పుతూ, దిగుతున్న ఇనుపతలుపు వైపు అడుగు వేస్తూ, “దగ్గరదగ్గరగా ఉండండిరా.”